రెండో ఎల్‌పార్ ఖాళీగా ఉంటే మొదటిదానికి ఊపిరాడటం లేదెందుకు?

పర్లాకిమిడి_పాళీ

పర్లాకిమిడిలో ఇంటి నుంచే ఒక బ్యాంకు మెయిన్‌ఫ్రేమ్ నిర్వహణ బృందంలో పనిచేస్తున్నాను. నా వంతు సీఐసీఎస్, అంటే లావాదేవీలను నడిపే ఐబీఎం సాఫ్ట్‌వేర్. సిస్‌ప్లెక్స్‌లో (ఒక్కటిగా పనిచేసేలా కలిపిన సిస్టమ్‌ల సమూహంలో) రెండు ఎల్‌పార్‌లు, అంటే యంత్రాన్ని విభజించి చేసిన సిస్టమ్‌లు, ఉన్నాయి. ఒక్కొక్కదానిలో పనిని అందుకునే ఒక టీఓఆర్, ఆ పనిని నడిపే మూడు ఏఓఆర్‌లు (ఇవన్నీ రీజియన్‌లు, అంటే విడివిడిగా నడిచే సీఐసీఎస్‌లు), డేటాబేసు చూసుకునే ఒక డీబీ2 ఉన్నాయి. రెండు డీబీ2లూ ఒకే డేటా షేరింగ్ గ్రూపులో ఉన్నాయి, అంటే ఒకే డేటాను పంచుకుంటాయి. ఏ లావాదేవీ ఏ ఏఓఆర్‌కు వెళ్లాలో సీపీఎస్‌ఎం అనే సీఐసీఎస్ నిర్వహణ భాగం నిర్ణయిస్తుంది, వర్క్‌లోడ్ నిర్వచనంలో క్యూ అల్గారిథమ్ పెట్టి ఉంది. ఇటీవల రెండో ఎల్‌పార్‌ను నిర్వహణ కోసం ఆపి, మళ్లీ ఐపీఎల్ చేశారు (తిరిగి ప్రారంభించారు). అప్పటి నుంచి ఉదయం శాఖలు తెరిచే వేళకు మొదటి ఎల్‌పార్‌లోని మూడు ఏఓఆర్‌లూ ఎంఎక్స్‌టీ (ఒకేసారి నడవగల టాస్కుల గరిష్ఠ సంఖ్య) అంచుకు వచ్చేస్తున్నాయి, రెండో ఎల్‌పార్‌లోనివి సగం కూడా నిండటం లేదు. రీజియన్‌లన్నింటికీ నిర్వచనాలు ఒక్కటే, లింకులన్నీ బాగున్నాయి, ఎక్కడా అబెండ్‌లు లేవు, అంటే ఏ టాస్కూ లోపంతో అర్ధాంతరంగా ఆగడం లేదు. "లోడ్ బ్యాలెన్సింగ్ ఉందన్నారు కదా, ఆ బ్యాలెన్స్ ఏదీ?" అని పైవాళ్లు రోజూ అడుగుతున్నారు. ఎక్కడి నుంచి చూడటం మొదలుపెట్టాలి?

బల్లార్షా_జంక్షన్

క్యూ తీసేసి ఎల్‌ఎన్‌క్యూ పెట్టండి, పని అయిపోతుంది. క్యూ అల్గారిథమ్ ఏఓఆర్‌ను ఎంచుకునేటప్పుడు ఎంఎక్స్‌టీతో పోలిస్తే అక్కడ ఎన్ని టాస్కులు ఉన్నాయో చూస్తుంది, రీజియన్ స్టోరేజీ కొరతలోనో డంపు తీసే పనిలోనో ఉందేమో చూస్తుంది, లావాదేవీ అబెండ్ అయ్యే అవకాశం ఎంతో చూస్తుంది, వీటితో పాటు టీఓఆర్ నుంచి అక్కడికి ఉన్న లింకు ఎంత వేగమైనదో కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఒకే ఎల్‌పార్‌లో ఉన్న రీజియన్‌కు ఎంఆర్‌ఓ అనే సీఐసీఎస్ లింకు ద్వారా నేరుగా మెమరీ నుంచి మెమరీకే పని అందుతుంది, పక్క ఎల్‌పార్‌కు పంపాలంటే ఎక్స్‌సీఎఫ్ (సిస్‌ప్లెక్స్‌లోని సిస్టమ్‌ల మధ్య సందేశాలు చేరవేసే సేవ) మీదుగా వెళ్లాలి. అందువల్ల సొంత ఎల్‌పార్ వైపే మొగ్గుతుంది. ఎల్‌ఎన్‌క్యూలో ఆ లింకు అంశం ఒక్కటే ఉండదు, మిగిలినవన్నీ అవే.

బరంపురం_పాతకాపు

బల్లార్షా గారు అల్గారిథమ్ గురించి చెప్పినదంతా నిజమే, కానీ ప్రశ్నలో ఉన్న అసలు మాటను దాటేశారు. ఐపీఎల్‌కు ముందు కూడా అక్కడ ఉన్నది క్యూ అల్గారిథమే కదా. అప్పుడు లేని మొగ్గు ఇప్పుడు వచ్చిందంటే, మారినది అల్గారిథమ్ కాదు, దానికి పైనుంచి వచ్చి పడుతున్న పని. క్యూ అల్గారిథమ్ సొంత ఎల్‌పార్‌ను ఇష్టపడుతుంది కనుక, రెండు టీఓఆర్‌లకూ సమానంగా పని అందుతున్నంతకాలం ఆ ఇష్టం ఎవరికీ కనిపించదు. ఒక టీఓఆర్‌కు ఎక్కువ అందగానే బయటపడుతుంది. పర్లాకిమిడి గారూ, ఏఓఆర్‌లను కాసేపు వదిలి, ఒక్కొక్క టీఓఆర్‌లోకి గంటకు ఎన్ని లావాదేవీలు వస్తున్నాయో, అవి ఏ దారిన వస్తున్నాయో ముందు తెలియజేయండి.

గుణుపురం_విద్యార్థి

నేను గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాను, మెయిన్‌ఫ్రేమ్ ఈ మధ్యనే నేర్చుకోవడం మొదలుపెట్టాను. టీఓఆర్, ఏఓఆర్ అని రెండు రకాలు ఎందుకు? ఒకటి తరువాత ఒకటిగా వరుసక్రమంలో పంచేస్తే ఇన్ని అల్గారిథమ్‌లు అక్కర్లేదు కదా?

రాయగడ_రాత్రిపాళీ

గుణుపురం తమ్ముడూ, సీఐసీఎస్ 1969లో ఐబీఎం ఉత్పత్తిగా బయటికి వచ్చిననాడు టెర్మినల్, ప్రోగ్రాము, ఫైలు అన్నీ ఒకే రీజియన్‌లో ఉండేవి. పని పెరిగిన తరువాత వినియోగదారుల కనెక్షన్లను పట్టుకుని కూర్చునే రీజియన్‌ను టీఓఆర్ అనీ, ప్రోగ్రాములు నడిపే రీజియన్‌ను ఏఓఆర్ అనీ, ఫైళ్లను చూసుకునేదాన్ని ఎఫ్‌ఓఆర్ అనీ విడదీశారు. దీనివల్ల ఒక ప్రోగ్రాము పాడై ఏఓఆర్ కూలినా కనెక్షన్లు తెగవు, టీఓఆర్ ఆ పనిని వేరే ఏఓఆర్‌కు పంపగలదు.

వరుసక్రమంలో పంచితే ఏమవుతుందో కాగితం మీద వేసి చూడు. ఖాతా నిల్వ అడిగే లావాదేవీ క్షణంలో అయిపోతుంది, ఏడాది ఖాతా వివరాలు తీసేది చాలాసేపు పడుతుంది. వరుసలో పంపేవాడికి ఈ తేడా తెలియదు కనుక పెద్ద పనులన్నీ ఒకే రీజియన్‌లో పేరుకుపోవచ్చు, అది నిండిపోయిన తరువాత కూడా దాని వంతు దానికి వెళుతూనే ఉంటుంది. అంతకంటే పెద్ద చిక్కు అఫినిటీ. దాని గురించి తీరికగా రాస్తాను, ఇక్కడ ఇప్పుడే కరెంటు పోయింది, యూపీఎస్ మీద ఉన్నాను.

పర్లాకిమిడి_పాళీ

పాతకాపు గారు చెప్పినట్లు లెక్కలు తీశాను. మొత్తం లావాదేవీలలో దాదాపు మూడు వంతులు మొదటి టీఓఆర్‌లోకే వస్తున్నాయి, ఒక వంతు మాత్రమే రెండోదానికి అందుతోంది. శాఖల టెర్మినళ్ల నుంచి వచ్చేది తక్కువే, ఎక్కువ భాగం మొబైల్ బ్యాంకింగ్‌కు చెందిన మధ్యస్థ సర్వర్ల నుంచి ఐపీఐసీ (టీసీపీ/ఐపీ మీద నడిచే సీఐసీఎస్ లింకు) కనెక్షన్ల మీద వస్తోంది. ఆ సర్వర్లకు ఒకే ఐపీ చిరునామా ఇచ్చారు, అది డైనమిక్ వీఐపీఏ, అంటే ఏ ఒక్క ఎల్‌పార్‌కూ కట్టుబడని చిరునామా, దాని వెనుక వచ్చేవాటిని ఎల్‌పార్‌లకు పంచే సిస్‌ప్లెక్స్ డిస్ట్రిబ్యూటర్ ఉంది.

బరంపురం_పాతకాపు

అయితే కారణం దొరికినట్లే. దీన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే చాలామంది సిస్‌ప్లెక్స్ డిస్ట్రిబ్యూటర్ ప్రతి లావాదేవీనీ పంచుతుందని అనుకుంటారు.

అది పంచేది లావాదేవీలను కాదు, కనెక్షన్లను. కొత్త టీసీపీ కనెక్షన్ కోరిక వచ్చినప్పుడు, నెట్‌వర్క్ బృందం పెట్టిన పద్ధతిని బట్టి, వర్క్‌లోడ్ మేనేజర్ (లక్ష్యాలను బట్టి యంత్ర వనరులను కేటాయించే భాగం) ఇచ్చిన బరువులు చూసో, వరుసక్రమంలోనో ఒక ఎల్‌పార్‌ను ఎంచుకుంటుంది. ఆ నిర్ణయం అంతటితో ముగుస్తుంది. ఆ కనెక్షన్ బతికి ఉన్నంతకాలం దాని మీద వచ్చే ప్రతి లావాదేవీ అదే టీఓఆర్‌కు చేరుతుంది. ఒక పని కోసం తెరిచి, పని కాగానే మూసే కనెక్షన్లయితే దీనితో ఇబ్బంది లేదు. మీ మధ్యస్థ సర్వర్లు మాత్రం ఉదయం తెరిచిన కనెక్షన్లను వారాల తరబడి మూయకుండా వాడుకుంటాయి.

రెండో ఎల్‌పార్ ఆగినప్పుడు దాని మీదున్న కనెక్షన్లన్నీ తెగాయి. సర్వర్లు వెంటనే మళ్లీ కనెక్ట్ అయ్యాయి, అప్పటికి బతికి ఉన్నది మొదటి ఎల్‌పార్ ఒక్కటే కనుక అన్నీ అక్కడికే చేరాయి. ఐపీఎల్ తరువాత రెండోది లేచి కూర్చున్నా, ఉన్న కనెక్షన్లను ఎవరూ తెంచలేదు కనుక దానికి కొత్తగా వచ్చేవి కొద్దే. ఇందులో ఏ భాగమూ చెడిపోలేదు, ప్రతి పొరా తనకు చెప్పిన పని తాను చేసింది. ఒకే పేరు మీద వచ్చినవారిని టీఓఆర్‌లకు పంచే వీటీఏఎం జెనరిక్ రిసోర్స్‌తో వచ్చే 3270 టెర్మినల్ సెషన్‌లలో కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే శాఖల సిబ్బంది సాయంత్రం లాగాఫ్ అవుతారు కనుక మరునాటికి అది తనంతట తానే సర్దుకుంటుంది.

మందు మధ్యస్థ సర్వర్ల దగ్గర ఉంది. కనెక్షన్‌కు ఒక గరిష్ఠ ఆయుష్షు పెట్టి, అది తీరగానే మూసి కొత్తది తెరిచేలా వారి చేత చేయించండి. అన్నింటికీ ఒకే ఆయుష్షు పెడితే అన్నీ ఒకేసారి తెగి మళ్లీ ఒకేసారి మీద పడతాయి, కనుక కొంత ఎడం ఉండాలి. అది అయ్యేలోగా తొందరగా సర్దాలంటే, తక్కువ రద్దీ వేళలో మొదటి ఎల్‌పార్‌లో వేరీ టీసీపీఐపీ సిస్‌ప్లెక్స్ క్వియెస్ ఆదేశం ఇచ్చి, సర్వర్లను ఒక్కొక్కటిగా రీస్టార్ట్ చేయించవచ్చు. ఆ ఆదేశం కొత్త కనెక్షన్లను మాత్రమే ఆపుతుంది, ఉన్నవాటిని ముట్టుకోదు, కాబట్టి ఆదేశం ఇచ్చేసి బరువు తగ్గుతుందని చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు. పని కాగానే రెజ్యూమ్ చేయడం మరవకూడదు.

బల్లార్షా_జంక్షన్

కనెక్షన్ల సంగతి ఒప్పుకుంటున్నాను. అయినా ఆ సర్వర్ల బృందం ఒప్పుకునేదాకా ఎల్‌ఎన్‌క్యూ పెట్టుకోవడంలో తప్పేముంది? పని ఎక్కడ దిగినా ఆరు ఏఓఆర్‌లకూ పరుచుకుంటుంది.

రాయగడ_రాత్రిపాళీ

తప్పు లేదు కానీ ఒక షరతు ఉంది, అది మీరు చెప్పలేదు. రీజియన్ స్టేటస్ సర్వర్ లేకుండా నడిచే చోట, టీఓఆర్ తన సీమాస్ (సీపీఎస్‌ఎం తరఫున రీజియన్‌లను చూసుకునేది) కింద ఉన్న ఏఓఆర్‌ల టాస్కుల సంఖ్యను ఎప్పటికప్పుడు చూడగలదు గానీ, వేరే సీమాస్ కింద ఉన్నవాటి సంఖ్య మాత్రం 15 సెకన్లకు ఒకసారి అందే కబురు మీద ఆధారపడి ఉంటుంది. పక్క ఎల్‌పార్‌లోని ఒక ఏఓఆర్ ఖాళీగా ఉందని కబురు రాగానే టీఓఆర్ పనంతా దాని మీద కుమ్మరిస్తుంది, తరువాతి కబురు వచ్చేసరికి అది నిండిపోయి ఉంటుంది, వెంటనే మొత్తం ఇంకోదాని వైపు తిరుగుతుంది. సెకనుకు వందల లావాదేవీలు వచ్చే చోట 15 సెకన్లంటే చాలా ఎక్కువ. క్యూ అల్గారిథమ్‌కు సొంత ఎల్‌పార్ మీద ఉన్న మొగ్గు ఈ ఊగిసలాటను కొంత అణిచి ఉంచుతుంది, ఎల్‌ఎన్‌క్యూ పెట్టగానే అది బయటపడుతుంది.

దీన్ని సరిచేయడానికే 2009లో వచ్చిన సీఐసీఎస్ టీఎస్ 4.1లో సిస్‌ప్లెక్స్ ఆప్టిమైజ్డ్ రూటింగ్ తెచ్చారు. ప్రతి ఏఓఆర్ తన స్థితిని కప్లింగ్ ఫెసిలిటీలోని (సిస్‌ప్లెక్స్ సిస్టమ్‌లన్నీ పంచుకునే మెమరీలోని) డేటా టేబుల్‌లో రాస్తూ ఉంటుంది, టీఓఆర్‌లన్నీ అక్కడి నుంచి చదువుకుంటాయి, మధ్యలో సీమాస్‌ల కబుర్ల కోసం ఎదురుచూపు ఉండదు. దీనికి ప్రతి ఎల్‌పార్‌లోనూ రీజియన్ స్టేటస్ సర్వర్ నడుస్తూ ఉండాలి. వర్షన్ కొత్తదైనా ఆ సర్వర్‌ను ఎవరూ ప్రారంభించని చోట్లు నేను చూశాను. పర్లాకిమిడి గారు ముందు అది ఉందో లేదో చూసి, ఆ తరువాతే ఎల్‌ఎన్‌క్యూ జోలికి వెళ్లాలి.

బల్లార్షా_జంక్షన్

మా దగ్గర ఆ సర్వర్ మొదటి నుంచీ ఉండటం వల్ల ఎల్‌ఎన్‌క్యూతో ఊగిసలాట ఎన్నడూ కనిపించలేదు. అది లేని చోట రాయగడ గారి మాటే వినండి.

జయపురం_డీబీ

మీరందరూ సమానంగా పంచడమే ధర్మం అన్నట్లు మాట్లాడుతున్నారు, నాకు ఆ మాట మీదే అభ్యంతరం ఉంది. రెండు ఎల్‌పార్‌లలోని డీబీ2లూ ఒకే పేజీలను మార్చడం మొదలుపెడితే, ప్రతి లాకూ కప్లింగ్ ఫెసిలిటీ దాకా వెళ్లి రావాలి, మారిన పేజీలు అక్కడి గ్రూపు బఫర్ పూల్‌లోకి (పంచుకునే పేజీల నిల్వలోకి) రాయాలి. పని ఒక పక్కకు మొగ్గి ఉంటే ఆ ఖర్చు తగ్గుతుంది. మొదటి ఎల్‌పార్‌కు ప్రాసెసర్ సామర్థ్యం మిగిలి ఉండి, ప్రతిస్పందన సమయం బాగుంటే, మొగ్గు ఉందని గాబరా పడటం దేనికి? ఆ ఏఓఆర్‌లకు ఎంఎక్స్‌టీ కొంచెం పెంచండి, చాలు.

బరంపురం_పాతకాపు

జయపురం గారి మాటలో సగం నాకు సమ్మతమే. ప్రతిస్పందన సమయమే కొలబద్ద, టాస్కుల సంఖ్యలు సమానంగా ఉండటం కాదు. వర్క్‌లోడ్ మేనేజర్ కూడా అలాగే ఆలోచిస్తుంది; సర్వీస్ క్లాస్‌కు (ఒక వర్గం పనులకు) లక్ష్యం పెడితే, పర్ఫార్మెన్స్ ఇండెక్స్ 1 దాటిందా, అంటే లక్ష్యం తప్పిందా, లేదా అన్నదే అది చూస్తుంది.

ఎంఎక్స్‌టీ పెంచడం మాత్రం రూటింగ్‌కు సంబంధం లేని మార్పు కాదు. క్యూ అల్గారిథమ్ టాస్కుల సంఖ్యను ఎంఎక్స్‌టీతో భాగించి చూస్తుంది కనుక, ఇప్పటికే కిక్కిరిసిన రీజియన్‌లకు ఎంఎక్స్‌టీ పెంచితే అవి ఖాళీ అయినట్లు దానికి కనిపిస్తాయి, ఇంకా ఎక్కువ పని అక్కడికే వస్తుంది. మొగ్గును తగ్గించబోయి పెంచుకున్నట్లవుతుంది.

ఇంకొక మాట. 1990లో సిస్‌ప్లెక్స్, 1994లో కప్లింగ్ ఫెసిలిటీతో ప్యారలల్ సిస్‌ప్లెక్స్ తెచ్చింది 32 సిస్టమ్‌ల దాకా కలిపి ఒక్కటిగా నడపడానికే గానీ, ఒకదాన్ని నడిపి మరొకదాన్ని ఊరికే కూర్చోబెట్టడానికి కాదు. లాకుల ఖర్చు నిజమే, అది మనం లభ్యత కోసం కడుతున్న మూల్యం. రేపు మొదటి ఎల్‌పార్ పడిపోతే, ఎన్నడూ నిండని రెండో ఎల్‌పార్‌లోని బఫర్ పూల్‌లు, థ్రెడ్ పరిమితులు (డీబీ2కు వెళ్లే దారుల సంఖ్యకు హద్దులు), స్టోరేజీ మొత్తం బరువును మోయగలవో లేదో తెలిసేది ఆ క్షణంలోనే.

జయపురం_డీబీ

థ్రెడ్ పరిమితుల మాటకు నేను లొంగుతున్నాను. లాకుల ఖర్చు సంగతిలో మాత్రం కాదు.

సిరొంచ_గట్టు

పర్లాకిమిడి గారు మొదట్లో "ఎక్కడా అబెండ్‌లు లేవు" అని రాశారు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నా దృష్టిలో అది ఆరోగ్యానికి రుజువు కాదు, ఒక్కోసారి రోగ లక్షణం.

నేను ఇంతకు ముందు చూసిన ఒక సంస్థలో ఒక ఎల్‌పార్‌లోని డీబీ2 ఆగిపోయింది. ఏఓఆర్ తన ఎల్‌పార్‌లో ఉన్న డీబీ2కే కనెక్ట్ కాగలదు కనుక అక్కడి ఏఓఆర్‌లు ఏ పనీ చేయలేని స్థితికి వచ్చాయి. కానీ అవి కూలలేదు. డీబీ2 కనెక్షన్ నిర్వచనంలో కనెక్ట్‌ఎర్రర్ విలువ ఎస్‌క్యూఎల్‌కోడ్ అని ఉండటంతో, ప్రోగ్రాముకు మైనస్ 923 అనే లోపసంకేతం వచ్చేది. ప్రోగ్రాము దాన్ని మర్యాదగా అందుకుని "సేవ ప్రస్తుతం అందుబాటులో లేదు" అనే తెరను పంపి ముగిసిపోయేది. రూటర్ (పనిని పంచే సీపీఎస్‌ఎం) కళ్లకు ఆ ఏఓఆర్‌లలో టాస్కులు దాదాపు సున్నా, అబెండ్‌లు లేవు, ప్రతిస్పందన మెరుపు వేగం. బ్యాంకులో "సర్వర్ లేదు, రేపు రండి" అని అందరినీ తిప్పి పంపేసే కౌంటరు ముందే వరుస చిన్నదిగా ఉంటుంది కదా, చూసినవాళ్లంతా అటే వెళతారు. ఇక్కడా అదే జరిగింది: బాగున్న ఎల్‌పార్‌కు వెళ్లవలసిన పని కూడా ఆ పాడైన ఎల్‌పార్‌లోకి పోయింది. సగం మందికి కావలసిన ఇబ్బంది దాదాపు అందరికీ అయింది. మానిటర్‌లో మాత్రం అన్ని గీతలూ పచ్చగానే ఉన్నాయి. దీన్ని మన వృత్తిలో స్టార్మ్ డ్రెయిన్ అంటారు.

సీపీఎస్‌ఎంలో దీనికి అబెండ్‌క్రిట్, అబెండ్‌థ్రెష్ అనే రెండు హద్దులు ఉన్నాయి. అబెండ్ అవకాశం కింది హద్దు దాటితే రూటర్ ఆ రీజియన్ బరువును పెంచి లెక్కిస్తుంది, పై హద్దు దాటితే వేరే దారి ఉన్నంతవరకు అటు పంపదు. కానీ అది లెక్కపెట్టేది అబెండ్‌లను. ప్రోగ్రాము లోపాన్ని నవ్వుతూ దాచేస్తే ఆ హద్దులకు పని ఉండదు. కనెక్ట్‌ఎర్రర్‌కు అబెండ్ అని ఇస్తే ఏఈవై9 అనే అబెండ్ వచ్చి రూటర్‌కు సంగతి తెలుస్తుంది. అప్లికేషన్ వాళ్లకు ఇది నచ్చదు, ఎందుకంటే వాళ్ల తెర బదులు అబెండ్ సందేశం కనబడుతుంది.

గుణుపురం_విద్యార్థి

అంటే ప్రోగ్రాము లోపాన్ని బాగా సంభాళిస్తే వ్యవస్థ మొత్తం పాడవుతుందన్నమాట. మాకు తరగతిలో ప్రతి లోపాన్నీ పట్టుకుని చక్కటి సందేశం చూపమనే చెబుతారు.

సిరొంచ_గట్టు

చక్కటి సందేశం చూపవచ్చు తమ్ముడూ, దాన్ని టీఓఆర్‌కు ముందున్న పొరలో చూపించాలి. ఏఓఆర్‌లో దాచకూడదు.

రాయగడ_రాత్రిపాళీ

కరెంటు వచ్చింది, అఫినిటీ సంగతి రాస్తున్నాను. మొదటి తెరలో వినియోగదారు ఖాతా సంఖ్య ఇస్తాడు, ప్రోగ్రాము దాన్ని ఆ ఏఓఆర్‌లోని టెంపరరీ స్టోరేజీ క్యూలోనో, సీడబ్ల్యూఏలోనో (రీజియన్ అంతా పంచుకునే మెమరీ), షేర్డ్ గెట్‌మెయిన్‌తో తీసుకున్న చోటులోనో దాచి ముగిసిపోతుంది. రెండో తెర వేరే ఏఓఆర్‌కు వెళితే ఆ సమాచారం అక్కడ ఉండదు. అందుకే ట్రాన్‌గ్రూప్‌లో (లావాదేవీల సమూహ నిర్వచనంలో) అఫినిటీ చెబుతాము: ఫలానా టెర్మినల్ నుంచి వచ్చినవి, సంభాషణ ముగిసేదాకా, ఒకే ఏఓఆర్‌కు వెళ్లాలి అని.

చిక్కు ఆ "ఎప్పటిదాకా" అన్నదానిలో ఉంది. ఒక బీమా వ్యవస్థలో రెండో తెర ఖాళీగా వస్తోందని ఫిర్యాదు రాగానే, ఎవరో తొందరలో సంబంధాన్ని గ్లోబల్ అనీ, ఆయుష్షును సిస్టమ్ అనీ పెట్టేశారు. ఫిర్యాదు పోయింది. దానితో పాటు, ఆ గ్రూపులోని లావాదేవీలన్నీ ఎవరి నుంచి వచ్చినా ఒకే ఏఓఆర్‌కు అతుక్కున్నాయి, ఆ రీజియన్ ఆగేదాకా వదలలేదు. చుట్టూ ఎన్ని ఖాళీ ఏఓఆర్‌లు ఉన్నా రూటర్ చేతులు కట్టేసినట్లే. సరైన మార్గం అఫినిటీని తగ్గించడం: క్యూలను కప్లింగ్ ఫెసిలిటీలోని షేర్డ్ టీఎస్ (టెంపరరీ స్టోరేజీ) పూల్‌కు మార్చడం, వరుస సంఖ్యల కోసం సీడబ్ల్యూఏ బదులు నేమ్‌డ్ కౌంటర్ వాడటం, చిన్న సమాచారమైతే ప్రోగ్రాముల మధ్య సమాచారం చేరవేసే కామ్‌ఏరియాలోనో చానెల్‌లోనో పంపడం. ఏ ప్రోగ్రాములో ఏది దాగి ఉందో చేత్తో వెతకనక్కరలేదు, ఇంటర్‌డిపెండెన్సీ ఎనలైజర్ అనే సాధనం చూపిస్తుంది.

పర్లాకిమిడి గారి మొగ్గుకు ఇది కారణం కాకపోవచ్చు, మూడు ఏఓఆర్‌లూ కలిసి నిండుతున్నాయి కనుక. అయినా ఒకసారి చూసుకోవాలి.

పర్లాకిమిడి_పాళీ

చూశాను. ఒకే ఒక గ్రూపుకు అఫినిటీ ఉంది, అది ఎల్‌యూనేమ్ సంబంధంతో, పీకాన్వ్ ఆయుష్షుతో ఉంది, అంటే టెర్మినల్‌ను బట్టి, సంభాషణ ముగిసేదాకా. శాఖల తెరలకు మాత్రమే వర్తిస్తుంది. రీజియన్ స్టేటస్ సర్వర్ ఒక ఎల్‌పార్‌లో మాత్రమే నడుస్తోంది, రెండోదానిలో ఐపీఎల్ తరువాత ఎవరూ ప్రారంభించలేదు. కనెక్ట్‌ఎర్రర్ మాత్రం సిరొంచ గారు భయపెట్టిన విలువతోనే ఉంది. మధ్యస్థ సర్వర్ల బృందం కనెక్షన్ల ఆయుష్షుకు ఒప్పుకుంది. ఇవన్నీ ఒకే మార్పు వేళలో చేయమని పైవాళ్లు అంటున్నారు.

బరంపురం_పాతకాపు

ఒప్పుకోకండి. మూడు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల బాగుపడిందో, దేనివల్ల చెడిందో ఎన్నటికీ తేలదు. ముందు రెండో ఎల్‌పార్‌లో స్టేటస్ సర్వర్‌ను ప్రారంభించి, అది ఐపీఎల్‌లో తనంతట తానే లేచేలా చేయండి. తరువాత కనెక్షన్ల ఆయుష్షు. అల్గారిథమ్‌ను ముట్టుకోకుండా ఒక నెలాఖరు దాటనిచ్చి, టీఓఆర్ లెక్కలు, ఏఓఆర్ లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. ఠాకురాణి యాత్ర రోజుల్లో మాత్రం పెట్టుకోకండి, బరంపురంలో డప్పుల మోతకు నాకు ఫోను వినబడదు.

బల్లార్షా_జంక్షన్

పైవాళ్లకు కావలసినది రెండు గీతలు ఒకే ఎత్తున ఉన్న బొమ్మ. మా మరాఠీ మేనేజరు గారు కూడా అదే అడిగితే, టాస్కుల గీతల బదులు ప్రతిస్పందన సమయాల గీతలు చూపించాను. అవి ఎలాగూ ఒకే ఎత్తున ఉన్నాయి, ఆయన సంతోషించారు.

జయపురం_డీబీ

నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

పర్లాకిమిడి_పాళీ

స్టేటస్ సర్వర్, కనెక్షన్ల ఆయుష్షు రెండూ అమలయ్యాయి, విడివిడిగానే. టీఓఆర్‌లకు అందుతున్న పని ఇప్పుడు దగ్గర దగ్గరగా ఉంది. సొంత ఎల్‌పార్ మీద మొగ్గు ఏఓఆర్ లెక్కల్లో ఇంకా కొంచెం కనిపిస్తోంది గానీ ఉదయం వేళ ఎంఎక్స్‌టీ తగలడం లేదు. అందుకని క్యూ అల్గారిథమ్‌ను అలాగే ఉంచాము. కనెక్ట్‌ఎర్రర్ మార్పుకు అప్లికేషన్ బృందం ససేమిరా అంటోంది. దాని కోసం వేరే చర్చ తెరుస్తాను.

సిరొంచ_గట్టు

ఆ చర్చలో స్టాండ్‌బైమోడ్ (డీబీ2 లేనప్పుడు సీఐసీఎస్ ఏం చేయాలో చెప్పేది) విలువ, డీబీ2గ్రూప్‌ఐడీ (ఒక్క డీబీ2 పేరు బదులు గ్రూపు పేరు) వాడుతున్నారో లేదో కూడా రాయండి. ఆ ఎల్‌పార్‌లో గ్రూపు సభ్యుడు మరొకటి ఉంటే ఏఓఆర్ దానికి కనెక్ట్ అయ్యే వీలుంది. అప్పుడు అప్లికేషన్ వాళ్లతో తగువు అంత దూరం వెళ్లకపోవచ్చు.